దాలమ్మకి చెప్పినట్టు

అనగా అనగా ఒక ఏరు. ఏటి ఒడ్డున ఒక సంత. సంత పక్కన ఒక ఊరు. ఊరి పేరు నాకు తెలుసు గానీ మీకు చెప్పను. చెబితే రేపే బస్సెక్కి చూడ్డానికి పోతారు, అక్కడ పడుకున్న పసిపిల్లల్ని లేపేస్తారు.

ఆ ఊళ్ళో ఒక నాటకశాల. తాతల తాతలనాటిది. పైన పెంకులు, కింద గచ్చు, చుట్టూ వరండా. అందరూ పెంకుల హాలు అనేవారు. ఆ హాలులో ఒక దెయ్యం ఉంది. అదిగో, అప్పుడే దగ్గరికి జరుగుతున్నారు! భయపడాల్సిన పని లేదు. ఇది మధ్యాహ్నం దెయ్యం. చీకటి పడితే దానికే నిద్ర వస్తుంది. అసలు దాన్ని దెయ్యం అనకూడదు, దాలమ్మ అనాలి. ఆ ఊరివాళ్ళు అలాగే అంటారు. మనమూ అలాగే అందాం.

ఆ హాలులో సంతరోజు మధ్యాహ్నమే ఆట. ఎందుకంటే చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు పొద్దున్నే సంతకు వస్తారు. వంకాయలో, చింతపండో, కోడిపెట్టో అమ్ముకుంటారు. అమ్ముకున్నాక ఆట చూస్తారు. పొద్దుగూకకముందే ఏరు దాటి ఇళ్ళకు పోతారు. ఏడు రోజుల చాకిరీకి వాళ్ళకు దక్కేది ఆ ఒక్క మధ్యాహ్నమే.

దాలమ్మ ఆ హాలు తుడిచే మనిషి. ఆటకు ముందు తుడిచేది, ఆట అయ్యాక తుడిచేది. మధ్యలో గుమ్మం పక్కన చీపురు పట్టుకుని నిలబడి నాటకం చూసేది. మొగుడు లేడు, పిల్లల్లేరు, పొలం లేదు. ఆ గుమ్మం ఒకటుంది. అక్కడ నిలబడితే చాలు, ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదు.

ఒక సంతరోజు కలువరాజు నాటకం ఆడుతున్నారు. కలువరాజు అంటే పడుచువాడు. యుద్ధానికి పోతాడు. నువ్వొచ్చేదాకా ముద్ద ముట్టను నాయనా అని తల్లి కోట గుమ్మంలో కూర్చుంటుంది. ఆ కలువరాజు వేషం కామేశంది. ఏడు ఊళ్ళలో పేరున్న నటుడు. పద్యం ఎత్తుకుంటే ఏటి అవతల పశువులు కూడా మేత ఆపేవని అంటారు. పశువుల సంగతి నాకు తెలియదు, మనుషులు మాత్రం ఆపేవారు.

ఆ రోజు కామేశం కళ్ళు మూసుకుని, చెయ్యి పైకెత్తి రాగం తీస్తున్నాడు. అప్పుడే ఆడవాళ్ళ వైపు నుంచి ఒక పిల్ల ఏడుపు. కామేశం రాగం పెంచాడు. పిల్లా పెంచింది. కామేశం ఇంకా పెంచాడు. పిల్ల ఇంకా పెంచింది. చివరికి పిల్లే గెలిచింది.

కామేశం కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఆ పిల్లనైనా బయటికి తీసుకెళ్ళండి. నన్నైనా తీసుకెళ్ళండి," అన్నాడు. హాలంతా నవ్వారు. ఆ నవ్వుకే అతనికి ఒళ్ళు మండింది. దిగి వెళ్ళిపోయాడు. ఆట ఆగిపోయింది.

ఆ పిల్ల తల్లి పేరు వరహాలు. నేతపని చేసేవాళ్ళ కోడలు, కొత్తగా తల్లైన మనిషి. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

హాలు యజమాని అప్పలస్వామి నాయుడు మర్నాడే చాటింపు వేయించాడు. చంకలో పిల్ల ఉన్న ఆడది హాలు గుమ్మం ఎక్కకూడదని. విన్నారా? ఆ రోజుల్లో ఆడదాని చంక ఎప్పుడు ఖాళీగా ఉండేదని! ఒకడు దిగకముందే ఇంకొకడు ఎక్కేవాడు. అంటే జుట్టు నెరిసేదాకా నాటకం చూడొద్దని చెప్పినట్టే కదా.

ఆడవాళ్ళు నాయుడి మీద కోపం చూపించలేరు. అందుకని వరహాలు మీద చూపించారు. సంతలో పలకరించడం మానేశారు. వరహాలు హాలు వరండాలో స్తంభానికి ఆనుకుని, పిల్లను ఒళ్ళో వేసుకుని ఏడుస్తుంటే దాలమ్మ చూసింది. చీపురు కింద పెట్టింది. నాయుడి దగ్గరికి వెళ్ళింది.

"బావూ, ఆలని రానియ్యండి. గుంటల్ని నానెత్తుకుంతాను."

"నువ్వెక్కడ ఎత్తుకుంటావే?"

"వరండాల. ఆట అయినంతసేపు నాకు పనేటుంది బావూ."

"ఆట చూడవూ? గుమ్మం దగ్గర గుడ్లప్పగించి నిలబడతావుగా?"

దాలమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "నాను సూసినాను కదా బావూ చానా. ఆల్నొకపాలి సూడనీండి," అంది.

నాయుడు చెడ్డవాడు కాదు, మొండివాడు. "సరే. కానీ లోపలికి ఒక్క ఏడుపు వినబడిందంటే చాటింపు చాటింపే," అన్నాడు.

వచ్చే సంతరోజుకి వరండా వాసాలకు మూడు ఉయ్యాలలు వేలాడాయి. పాత చీరల ఉయ్యాలలు. దాలమ్మ మధ్యలో కూర్చుంది. ఒక తాడు కుడిచేతికి, ఒక తాడు ఎడమచేతికి, ఒక తాడు కాలి బొటనవేలికి. ఏ కులం పిల్ల ఏ కులం చేతిలో అని అడిగే మనుషులు ఆ ఊళ్ళో చాలామందే ఉన్నారు. ఆట గంట కొట్టాక ఒక్కరూ అడగలేదు. పిల్లల్ని ఉయ్యాలల్లో ఇద్దరేసి, ముగ్గురేసి కుక్కి లోపలికి పరిగెత్తారు.

దాలమ్మ సన్నగా పాడింది.

ఏడవకమ్మా ఏడవకు
ఆట ఇంకా అవనేదు
అయిపోతే మీయమ్మొత్తాది
కతంతా మనకి సెప్పుతాది

ఒక్క పిల్లా ఏడవలేదు. లోపల కామేశం పద్యం ఎత్తుకున్నాడు, హాయిగా దించాడు.

ఆట అయింది. అందరికంటే ముందు వరహాలు బయటికి వచ్చింది. ఆ రోజూ కలువరాజు నాటకమే. దాలమ్మ తాళ్ళు వదలకుండా తలెత్తి అడిగింది.

"ఒలే వరాలూ, సివరికి ఏటయిందే?"

ఆ నాటకం ఊళ్ళోకి కొత్తగా వచ్చింది. మొదటిసారి సగంలో ఆగిపోయింది కదా. దాని ముగింపు దాలమ్మకు తెలియదనే వరహాలు అనుకుంది. దాలమ్మను అక్కలా చూసి అప్పా అని పిలిచే వరహాలు, ముక్కు తుడుచుకుంటూ ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. "సచ్చిపోనాడప్పా. గుర్రం మీద ఏసుకొచ్చినారు. తల్లి గుమ్మంలోనే ఉంది. ఒల్లో ఎట్టుకుని ఏడ్సింది."

దాలమ్మ తాళ్ళు వదిలింది. పిల్లల్ని ఒక్కొక్కరినీ తల్లులకు అందించింది. హాలు తుడవకుండా ఇంటికి పోయింది. ఒక రోజు రాలేదు. రెండో రోజు రాలేదు. మూడో రోజు వరహాలు చోడంబలి, అదే రాగిజావ, కుండలో పట్టుకుని వెళితే, గుడిసెలో గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పొయ్యి రాజేసి మూడు రోజులైంది.

"అప్పా, అదంతా ఏసం. కామేశం బాబు బతికే ఉన్నాడు. పొద్దున్న హోటల్లో ఇడ్లీలు తింతన్నాడు, నాను సూసినాను."

"కామేశం బతికితే నాకేటే," అంది దాలమ్మ. "ఆ గుంటడు సచ్చిపోనాడు కదా."

నవ్వుకోండి, నవ్వుకోండి. నేనూ చిన్నప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నవ్వు రావడం లేదు. నాటకాన్ని అంతగా నమ్మిన మనిషి ఆ హాలులో ఇంకొకరు లేరు. అలాంటి మనిషికి గుమ్మం దగ్గర చోటు కూడా లేకుండా పోయింది.

వరహాలు ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగింది. ఆడవాళ్ళంతా ఒక మాట అనుకున్నారు. అప్పటి నుంచి వరండాలో ఎవరూ చావలేదు.

"సివరికి ఏటయిందే?" అని దాలమ్మ అడిగేది. సముద్రంలో తోసేసిన రాణిని చేపలవాళ్ళు వలేసి లాగారని ఒకామె చెప్పేది. ఒకరినొకరు పొడుచుకున్న అన్నదమ్ములు కత్తులు పారేసి ఒకే కంచంలో తిన్నారని ఇంకొకామె చెప్పేది. కలువరాజు నాటకం మాత్రం వరహాలుకే వదిలేవారు.

"సివరికి ఏటయిందే వరాలూ? మల్లీ సచ్చిపోనాడా?"

"నేదప్పా. నాను అయేల సరిగ్గా సూడనేదు. గుర్రం మీద అలిసిపోయి నిద్దరోనాడంతే. తల్లి పేరెట్టి పిలిసింది. లేసి కూకున్నాడు. అంబలడిగినాడు."

"అంబలడిగినాడా!"

"కుండడు తాగినాడు."

దాలమ్మ ముఖం విప్పారేది. ఆ రోజు హాలు అద్దంలా తుడిచేది.

అలా ఎన్నేళ్ళు గడిచాయో ఎవరు లెక్కపెట్టారు? హాలు లోపల ఒక నాటకం, వరండాలో ఇంకో నాటకం. కామేశానికి ఈ సంగతి తెలిసి తెగ చిరాకుపడ్డాడు. "నేను అంత కష్టపడి చస్తుంటే మీరు బయటికెళ్ళి బతికించేస్తున్నారా!" అన్నాడు. అయినా ఆడవాళ్ళు మానలేదు. ఉయ్యాలలో ఊగిన ఆడపిల్లలు పెద్దవాళ్ళై తమ పిల్లల్ని తెచ్చి అదే ఉయ్యాలలో వేశారు. వరహాలు చంక ఖాళీ అయింది. దాలమ్మ నడుం వంగింది. దగ్గు పట్టుకుంది. తాడు లాగితే చెయ్యి వణికేది.

ఒక సంతరోజు పొద్దున్న దాలమ్మ అంది. "ఒలే వరాలూ, నాకొకటి సూడాలనుందే."

"ఏటప్పా?"

"ఒక్కపాలి సివర సూడాలి. ఈయేల కలువరాజు నాటకమంట కదా. ఆడు లేసి అంబలడిగేది నా కల్లతో సూడాలి. ఇంకెన్నాళ్ళుంతానో ఏటో."

వరహాలుకి ఒకటి కాదు, మూడు బాధలు. ఈవిడ లోపలికి వెళితే కలువరాజు చచ్చిపోతాడు. అది ఒక బాధ. ఇన్నేళ్ళూ మీరంతా కలిసి నన్ను మోసం చేశారా అని అడుగుతుంది. అది ఇంకో బాధ. పెద్దప్రాణం ఈసారి పడుకుంటే మళ్ళీ లేవదు. అది అన్నిటికంటే పెద్ద బాధ. అలాగని చివరి కోరిక కాదనడం ఎలా?

వరహాలు నాయుడి దగ్గరికి పరిగెత్తింది. "బావూ, ఈయేల ఇంకో నాటకం ఆడించండి." నాయుడూ ముసలివాడయ్యాడు. "డప్పు కొట్టించాక నాటకం మారుస్తారటే?" అన్నాడు.

కామేశం దగ్గరికి పరిగెత్తింది. అప్పటికే ముఖానికి రంగు పూసుకుంటున్నాడు. జుట్టు నెరిసినా కలువరాజు వేషం వదల్లేదు మహానుభావుడు. "బాబూ, ఈయేల ఒక్కపాలి సావకండి," అంది. కామేశం అద్దంలోంచి ఆమెను చాలాసేపు చూశాడు. అతనికి జాలి వేసింది. "వరహాలూ, నేను చావకపోతే ఆ తల్లి పద్యం ఎందుకు పాడుతుంది? ఆ పద్యం కోసమే కదమ్మా ఇంతమంది ఏరు దాటి వచ్చారు," అన్నాడు. 

వరహాలు మళ్ళీ దాలమ్మ దగ్గరికే వచ్చింది. "ఆ నాటకం ఇప్పుడు బాగుండట్నేదప్పా. వచ్చే సంతకి రాణీ నాటకం సూద్దువు గాని."

"నాకు ఆడే కావాలే," అంది దాలమ్మ.

చేసేదేముంది? దాలమ్మ పిల్లలందరినీ నిద్రపుచ్చింది. చివరి అంకానికి గంట కొట్టారు. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చేత్తో గోడ పట్టుకుని, మెల్లగా లోపలికి వెళ్ళింది. వరహాలు ఆవిడ చోట్లో కూర్చుంది. ఒక తాడు కుడిచేతికి, ఒక తాడు ఎడమచేతికి, ఒక తాడు కాలి బొటనవేలికి.

వరహాలు అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి. పిల్లలు నిద్రపోతున్నారు. సంత సద్దు అణిగింది. కూర్చున్న కాసేపటికి వీపు వెనక గోడలోంచి హార్మోనియం వినబడింది. తర్వాత గుర్రం గిట్టల చప్పుడు, లోపలెవరో కొబ్బరిచిప్పలతో చేసేది. తర్వాత తల్లి వేషం గొంతు. మాట మాటా వినబడుతోంది. లేరా నాయనా, లేవవేరా, ఎవరికోసం పస్తుండమంటావు. పద్యం అయ్యాక లోపల ఆడవాళ్ళు వెక్కివెక్కి ఏడవడం కూడా వినబడుతోంది.

వరహాలు చేతిలో తాడు ఆగిపోయింది.

ఆ గోడకు ఆనుకుని దాలమ్మ ఎన్నేళ్ళు కూర్చుంది? ఎన్నిసార్లు విన్నది? విన్న ప్రతిసారీ, వరహాలు బయటికి రాగానే తలెత్తి, ఏమీ తెలియనట్టు అడిగేది. సివరికి ఏటయిందే? వరహాలు కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్లలు లేస్తారని గట్టిగా ఏడవలేదు.

మంగళం పాడారు. అందరికంటే ముందు దాలమ్మే బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. స్తంభం పట్టుకుని నిలబడింది. వరహాలు తాళ్ళు వదలకుండా తలెత్తి చూసింది.  అడిగింది.

"సివరికి ఏటయిందప్పా?"

దాలమ్మ వచ్చి పక్కన కూలబడింది. కాసేపు ఉయ్యాలల వైపు చూసింది. తర్వాత నవ్వింది.

"ఏటవుతాది? లేసినాడు. అంబలడిగినాడు. తల్లి ఇచ్చిందా, ఒక్క గుక్క తాగి, ఉప్పు తక్కువైందని దాని మీద కసిరినాడు!"

"కసిరినాడా!"

"మరి? ముసిల్దాయి మూడు పూటలై తిండి నేక కూకుంది, దానికి ఉప్పెక్కడ గురుతుంటాది? అయినా గుంటడు కసిరినాడు. ఇద్దరూ నవ్వుకున్నారు."

వరహాలు దాలమ్మ భుజం మీద తల పెట్టుకుంది.  నీకు ముందే తెలుసా అని వరహాలు అడగలేదు. నాకు తెలుసని నీకిప్పుడు తెలిసిందా అని దాలమ్మా అడగలేదు. అలాంటివి అడుగుతారా ఎక్కడైనా!

ఆ వానాకాలమే దాలమ్మ పోయింది. నిద్రలోనే పోయింది. ఊరి ఆడవాళ్ళంతా వెళ్ళి సాగనంపారు.

తర్వాత వచ్చిన సంతరోజున నాయుడు మళ్ళీ పాత మాటే అన్నాడు. దాలమ్మ లేదు కాబట్టి పసిపిల్లల తల్లులు రాకూడదని. "నాను కూకుంతాను బావూ," అంది వరహాలు. "ఒక్క ఏడుపు వినబడితే?" అన్నాడు నాయుడు. "చాటింపు చాటింపే," అంది వరహాలు.

కూర్చుంది. దాలమ్మ చోట్లోనే కూర్చుంది. అదే పాట పాడింది. కానీ ఆ చెయ్యి పిల్లలకు కొత్త. ఒక పిల్ల మూలిగింది. రెండోది లేచింది. మూడోది గుక్క పట్టింది. ఆ వెంటనే అన్నీ ఎత్తుకున్నాయి. లోపల హార్మోనియం తడబడింది. నాయుడు కర్ర పట్టుకుని బయటికి వస్తున్న చప్పుడు వినబడింది. వరహాలు కంగారులో తాళ్ళు జారవిడిచింది. ఇంక అయిపోయింది అనుకుంది. ఆడవాళ్ళ ఆ ఒక్క మధ్యాహ్నం పోయిందనుకుంది.

అప్పుడు ఉయ్యాలలు ఊగాయి.

గాలి లేదు. ఉక్కపోతకి సంతలో ఆకు కూడా కదలడం లేదు. కుడివైపు ఉయ్యాల ఊగింది. ఎడమవైపు ఉయ్యాల ఊగింది. మధ్యలోది, కాలి బొటనవేలిది, కాస్త ఆలస్యంగా, దాలమ్మ ఊపినట్టే కుంటుకుంటూ ఊగింది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఏడుపు ఆపారు. ఒక పిల్ల అయితే పైకి చూసి, ఎవరినో గుర్తుపట్టినట్టు బోసినవ్వు నవ్వింది.

నాయుడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తాళ్ళు నేల మీద ఉన్నాయి. ఉయ్యాలలు ఊగుతున్నాయి. వరహాలు నోటి మీద వేలు పెట్టి చూపించింది. నాయుడు కర్ర చప్పుడు కాకుండా చంకలో పెట్టుకున్నాడు. మునివేళ్ళ మీద వెనక్కి నడిచి లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ బతికున్నన్నాళ్ళూ చాటింపు మాట ఎత్తలేదు.

ఆట అయింది. తల్లులు బయటికి వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. అయినా వరహాలు లేచి, ఆ ఖాళీ చోటు వైపు తిరిగి చెప్పింది. "అందరూ బాగున్నారప్పా. ఇంటికెల్లి కూడొండుకున్నారు." అప్పుడు కుడి ఉయ్యాల ఆగింది. ఎడమ ఉయ్యాల ఆగింది. కాస్త ఆలస్యంగా మధ్య ఉయ్యాల ఆగింది.

అప్పటి నుంచి అదే ఆచారం. ఆ హాలులోకి తర్వాత సినిమా వచ్చింది, పోయింది. ఇప్పుడు బడిపిల్లల ఆటపాటలు, ఎప్పుడైనా ఒక పద్య నాటకం. ఏది ఆడినా సంతరోజు మధ్యాహ్నమే. వరండాలో మూడు పాతచీర ఉయ్యాలలు ఉంటాయి, తాళ్ళు ఎవరూ పట్టుకోరు. ఆట అయ్యాక మొదట బయటికొచ్చిన ఆడమనిషి ఆ ఖాళీ చోటుకి ముగింపు చెప్పాలి. అందులో ఎవరూ చావకూడదు. ఒకసారి పట్నం నుంచి వచ్చిన కొత్తకోడలు తెలియక ఉన్నదున్నట్టు చెప్పేసింది. పిల్లలంతా ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఆమె అత్త పరిగెత్తుకొచ్చి అంబలి కథ చెప్పేదాకా ఊరుకోలేదు.

ఆ ఊళ్ళో ఎవరికైనా కష్టమైన కబురు చెప్పాల్సి వస్తే, మోసుకెళ్ళే మనిషికి పెద్దవాళ్ళు ఇప్పటికీ ఒక మాట చెప్పి పంపుతారు. "దాలమ్మకి సెప్పినట్టు సెప్పు," అంటారు. అంటే ఏమిటో అక్కడ చిన్నపిల్లకు కూడా తెలుసు.

చాలా ఏళ్ళకు వరహాలు కూడా పండుముసలిదై కన్నుమూసింది. కలువరాజు పద్యానికి అడ్డుపడి మొదట ఏడ్చిందే, ఆ పిల్ల, వరహాలు పెద్ద కూతురు, అప్పటికి తానే అమ్మమ్మ. దహనం అయ్యాక అందరూ ఏటికి స్నానానికి వెళుతుంటే ఆవిడ ఒక్కతే పెంకుల హాలుకి వెళ్ళింది. ఆ రోజు సంత లేదు, ఆట లేదు. వరండాలో ఉయ్యాలలు ఖాళీగా ఉన్నాయి. అయినా మెల్లగా ఊగుతున్నాయి. అడుగుతున్నాయి.

ఆవిడ స్తంభం పట్టుకుని నిలబడింది. 

"మాయమ్మ కాస్త నిద్దరోయింది పెద్దమ్మా. పేరెట్టి పిలిసినాము. లేసి కూకుంది. అంబలడిగింది. ఒక్క గుక్క తాగి, ఉప్పు తక్కువైందని నా మీద కసిరింది."

కుడి ఉయ్యాల ఆగింది. ఎడమ ఉయ్యాల ఆగింది. మధ్య ఉయ్యాల చాలాసేపు ఊగి, అప్పుడు ఆగింది.

ఏరు అక్కడే ఉంది, సంత అక్కడే ఉంది, హాలు అక్కడే ఉంది. కథ మాత్రం ఇక్కడిదాకా వచ్చి మీ ఒళ్ళో పడుకుంది. లేపకండి.